ముట్టుకోవద్దన్న చేతులు

పాప రొమ్ము అందుకుంది, రెండు గుక్కలు తాగింది, ఊపిరాడక వదిలేసి గుక్కపట్టింది! ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయింది. ఎనిమిది నెలల పసిగుడ్డు... ఊపిరీ నోటితోనే, పాలూ నోటితోనే అంటే ఏం చేస్తుంది? పొద్దుటి నుంచి ఇది ఏడోసారి. తల్లి జాకెట్టు పాలతో తడిసిపోయింది, ఒళ్లో బిడ్డ ఆకలితో ఏడుస్తోంది!

గుమ్మం దగ్గర అత్తగారు చీరలు సంచిలో కుక్కుకుంటోంది.

“జలుబుకి ఎవరైనా ఇల్లు వదిలిపోతారా అమ్మా?” అన్నాడు కొడుకు, పేపరు మడవకుండానే.

“జలుబుకి కాదురా. నీ పెళ్లాం నోటికి.”

పదిహేను రోజుల కిందట ఆవిడ రెండుసార్లు తుమ్మింది. కోడలు పరుగున వచ్చి బిడ్డను లాక్కుంది. “మీ రోగం దీనికి అంటించకండి! ముట్టుకోవద్దు!” ఆవిడ మరి ముట్టుకోలేదు... తగ్గాక కూడా. మొన్న పాప ముక్కు కారగానే కోడలు మళ్లీ అంది. “అంటించారుగా! కడుపు చల్లబడిందా?”

పొద్దున డాక్టరమ్మ పాప ఛాతీకి గొట్టం ఆనించి విని, మందు అక్కర్లేదంది. “ఉప్పునీటి చుక్కలు వెయ్యి. పాలు కొద్దికొద్దిగా పట్టు. నాలుగు రోజులు ఓపిక పట్టాలి.” అత్తగారి సంగతి చెబితే తల అడ్డంగా ఊపింది. “ఎప్పుడో తగ్గిపోయిన జలుబు ఇప్పుడు అంటుకోదమ్మా. ఈ మూడు నాలుగు రోజుల్లో ఎవరికొచ్చింది?”

కోడలు చొక్కాలు కుట్టే చోట పక్క మిషను ఆవిడ వారమంతా తుమ్ముతూనే ఉంది. పాప కంటే ముందే తనకీ గొంతు గరగర మొదలైంది. చెబితే తనూ బిడ్డకు దూరంగా ఉండాలి కదా... దాచేసింది!

సంచి ముడి పడింది. ఇక ఆగలేకపోయింది కోడలు.

“అత్తయ్యా... మీది కాదు! నాదే! నేనే అంటించాను!”

మొగుడు అప్పుడు మడిచాడు పేపరు.

“తెలుసు,” అంది అత్తగారు. “నీ గొంతు బొంగురుపోయిన రోజున నీ మంచం పక్కన వేన్నీళ్లు పెట్టిందెవరనుకున్నావు?”

“మరి... నేనన్ని మాటలంటే ఊరుకున్నారేం?”

“చెబితే? బిడ్డని నీ ఒళ్లోంచి లాక్కోవాలి. నా ఒళ్లోంచి లాక్కుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీకెందుకులే అనుకున్నా.”

కోడలు భోరుమంది! కాళ్ల మీద పడబోతే అత్తగారు కాళ్లు వెనక్కి తీసుకుంది. పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కొచ్చి, పాపను తీసుకుని చుక్కలు వేసింది. భుజానికి నిలువుగా ఆనించుకుని, కాసేపు వీపు నిమిరి, ముక్కు మెత్తగా తుడిచి తల్లికి అందించింది.

“పట్టు ఇప్పుడు.”

పాప ఆరు గుక్కలు తాగింది. మధ్యలో ఆగి, చిరాగ్గా మూలిగి, మళ్లీ అందుకుంది...

“ఉండండి అత్తయ్యా...”

“దీని ముక్కు వదిలేదాకా ఉంటా. ఆపైన అడగకు.”

కొడుకు సంచి లోపల పెట్టబోయాడు. ఆవిడ వద్దంది. అది గుమ్మం పక్కనే ఉండిపోయింది, వేసిన ముడి వేసినట్టే.