మాగని ఎరువు

తెల్లారేసరికి వంగమొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

తుర్కయంజాల్‌లో చెల్లెలింట్లో రెండ్రోజులుండి అప్పుడే వచ్చిన అండాలమ్మ, చేతిసంచి కూడా దించకుండా పెరట్లో నిలబడిపోయింది. మాడిన ఆకుల అంచులు చూసి, ఒక మొక్క మొదట్లో మన్ను గీకింది. పచ్చి పేడ.

అల్మాస్‌గూడలో ఈ ఇల్లు కట్టిన కొత్తలో పెరడంతా గులకరాళ్ల మొరమే. వీధిలో రాలిన కానుగాకులు ఊడ్చి తెచ్చి, గుంతలో పేడతో కలిపి మాగబెట్టి, ఆ మొరాన్ని నల్లటి మన్నుగా మార్చింది ఆమె భర్త అంతయ్య. పచ్చి పేడ వేర్లను కాల్చేస్తుందని ఆమెకు నేర్పిందీ ఆయనే. కాబట్టి ఇది ఆయన పని కాదు. కొడుకు డ్యూటీ మీద ఊళ్లో లేడు. ఇక మిగిలింది కోడలు మృదుల. ఆకుల గుంతకు దోమలొస్తున్నాయి, పూడ్చేద్దామని మొన్ననే అన్న మనిషి.

వంటింట్లో నల్లా కింద చేతులు కడుక్కుంటున్న కోడలిని పట్టుకుని వెలుగులోకి లాగింది. గోళ్ల సందుల్లో పేడ.

"మీ కాకినాడల పచ్చి పేడనే ఏస్తరా? లేకుంటే తెలిసే ఏసినవా?"

మృదుల కళ్లు ఒక్కసారి వీధి వైపు వెళ్లొచ్చాయి. "నేనే వేశానత్తయ్యా. త్వరగా కాస్తాయనుకున్నాను."

ఆ నిదానమే అండాలమ్మకు ఒళ్లు మండించింది. మన్ను మీద మొదలైన మాట మనుషుల మీదికి పోయింది. పెళ్లినాటి నుంచి మింగినవన్నీ కక్కేసింది. చివరికి, కొడుకు రాగానే ఎల్బీ నగర్‌లో కిరాయిల్లు చూసుకోమంది.

"నా పెరట్ల నీ కాలు పడొద్దు."

అప్పుడే పెరట్లో తట్ట దించిన చప్పుడైంది. ఇద్దరూ తొంగిచూశారు. వీధి మూలమీది బర్రెల కొట్టం నుంచి వచ్చిన అంతయ్య, బీర పందిరి మొదట్లో పేడ కుమ్మరిస్తున్నాడు. ఆవిర్లు పోతున్న పేడ.

"ఏందయ్యా, మాగబెట్టకుండనే ఏస్తున్నవ్?"

అంతయ్య చేతులు ఆగాయి. "మాగబెట్టాల్నా?" అన్నాడు మెల్లగా. "గట్లని ఎవరు చెప్పిన్రు?"

అండాలమ్మ వెనక నుంచి మృదుల గొంతు వినిపించింది. "మామయ్య పచ్చి పేడ వేసినట్టు పొద్దున్నే చూశానత్తయ్యా. చేతులతో తోడేద్దామనుకున్నా, అప్పటికే మాడిపోయాయి. నిన్న ఇంటి దారి కూడా తప్పారు. మీకెలా చెప్పాలో తెలీక..."

అండాలమ్మ పెరట్లోకి దిగి, భర్త చేతిలోని తట్ట తీసుకుంది. ఆయన్ని ఆకుల గుంత పక్కన కూచోబెట్టి, దోసిట్లో గుప్పెడు కానుగాకులు పోసింది. కింద ఆకులు, మీద పేడ, మళ్లీ ఆకులు అని చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, మొదటిసారి వింటున్నట్టు.

మృదుల గడప దాటలేదు.

"ఆడ్నే నిలబడ్డవేంది బిడ్డా," అంది అండాలమ్మ. "రా. వచ్చి నేర్చుకో. రేపు నేను గూడ మర్చిపోతే, మా ఇద్దరికి చెప్పేటోళ్లుండాలె."