చనిపోయినవాడి గోడ మీద పావురం

పశ్చిమ బెర్లిన్, 1983 అక్టోబరు.

"వాన పడుతుందా?" అంది సిబిల్లె, ఎర్రకోటు గుండీ విప్పుకుంటూ.

"రంగు ఆరాక," అన్నాడు గూఢచారి డెట్లెఫ్. సంకేతం సరిపోయింది.

"బాంబు కూడలిలో. పన్నెండింటికి శాంతి ఊరేగింపు చేరగానే పేలుతుంది. నింద శాంతి కావాలన్నవాళ్ల మీదే పడుతుంది," అందామె.

సిబిల్లె సరిహద్దుకు ఇరుపక్కలవారికీ పనిచేసేది. ఎవరిని మోసగిస్తున్నదో ఆమెకే తెలియాలి. అయినా ఆ మాట నమ్మి పోలీసు దళాలన్నీ కూడలికి తరలాయి. డెట్లెఫ్ క్రాయిట్స్‌బెర్గ్ పేటకు తిరిగొచ్చాడు. మూడు నెలలుగా అతడక్కడ చిత్రకారుడి వేషంలో యుద్ధవ్యతిరేక బొమ్మలు వేస్తున్నాడు. సరిహద్దు అవతలి ముఠా తన మనుషులకు గుర్తులను అలాంటి బొమ్మల్లో దాచడమే అందుకు కారణం. పేట గోడల మీది వందల శాంతి పావురాల్లో వాళ్ల పావురమేదో ఇంకా తేలలేదు.

పన్నెండుకు ఐదు నిమిషాలు. డ్రమ్ముల మోత దగ్గరవుతోంది. ముందు వరుసలో కాగితపు పక్షులు పట్టుకున్న పిల్లలు.

పక్కన నడుస్తున్న వాలీ, డెబ్బై ఏళ్ల గోడచిత్రకారిణి, చటుక్కున ఆగింది. "ఏ దరిద్రుడు వేశాడిది?"

గోడ మీద క్షిపణిని విరుస్తున్న నీలి పావురం. ఇంకా తడి.

"బాగానే ఉందిగా పెద్దమ్మా?"

"బాగుండటమేంట్రా, నీ మొహం! దానికింద మన ఉల్ఫ్ వేసిన బొమ్మ ఉంది. వాడు పోయి ఏడాదైనా కాలేదు. పోయినవాడి బొమ్మ మీద ఈ పేటలో తాగుబోతైనా రంగు పూయడు!"

డెట్లెఫ్ గోడకు దగ్గరగా వెళ్లాడు. పేటవాళ్లు వేయలేదంటే వేసింది బయటివాళ్లు. వాళ్ల గుర్తు ఇక్కడుందంటే బాంబు కూడలిలో లేదు. పావురం ముక్కు సూటిగా కిందికి, మంచురోజుల్లో దారిపై చల్లే ఇసుక పెట్టె వైపు చూపుతోంది.

అతడు చేతిలోని రంగు డబ్బా అడుగు మర తిప్పాడు. లోపల దాచిన కటింగ్ ప్లయర్ చేతికొచ్చింది. తాళం తెగింది. ఇసుకలో గడియారం: నలభై సెకన్లు. పిల్లల పాట వీధి మలుపు తిరిగింది. రెండు తీగలు తెగాయి. మూడోది తెగేసరికి మిగిలింది ఒక్క సెకను.

ఎదుటి గుమ్మంలోంచి ఎర్రకోటు పరుగందుకుంది. వాలీ చేతికర్ర అడ్డంపెట్టింది. బోర్లాపడ్డ సిబిల్లె గోళ్ల సందుల్లో నీలిరంగు.

"బొమ్మ మంచిదే వేశాను," అంది సిబిల్లె చల్లగా.

"వేయకూడని చోట," అంటూ డెట్లెఫ్ సంకెళ్లు తగిలించాడు.

ఆ సంకెళ్లు చూసి వాలీ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"నా సంగతి నీకు తెలుసా పెద్దమ్మా?"

"మొదటి రోజే తెలిసింది. అంత దిక్కుమాలిన గీత ఏ చిత్రకారుడూ గీయడురా. కానీ మూడు నెలల్లో ఒక్కరి బొమ్మ మీదా చెయ్యి పెట్టలేదు. అందుకే ఊరుకున్నాం."