చివరి వరుస

"బోర్డు మీద అంకెలు కనిపిస్తున్నాయా?" ఇయర్‌ఫోన్‌లో శాస్త్రవేత్త డాక్టర్ కొమండూరి పద్మలత అడిగింది.

ప్రయోగం కోసం నిలిపి ఉంచిన విమానం కాక్‌పిట్‌లో పైలట్ సుభాషిణి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. రన్‌వే చివర బోర్డు మసకగా ఉంది. ఎదురుగా ఉన్న గాజు ఒక్క క్షణం కదిలి ఆగింది. "అమ్మో! రెండు, ఏడు! పెచ్చులూడిన పెయింటు కూడా కనిపిస్తోంది మేడమ్!"

ఆ గాజు పద్మలత ఎనిమిదేళ్ల కష్టం. రెండు పొరల మధ్య పల్చటి ద్రవం. పైలట్ కళ్లలో లోపమెంతో సెన్సర్ కొలుస్తుంది, ద్రవం ఆ మేరకు వంపు తిరుగుతుంది. ముక్కు మీది కళ్లజోడు చేసే పనే ముందున్న అద్దం చేస్తుంది, అంతే.

సుభాషిణికి కావలసిందీ అంతే. రెండేళ్ల కిందట మెడికల్ టెస్టులో, గోడ మీది అక్షరాల చార్టు చూసి "చివరి వరుస కనిపించట్లేదు సార్" అని ఉన్నమాట చెప్పింది. ఆ పాపానికి మేఘాద్రి స్థావరంలో ఆమెకి విమానం పోయి, వాతావరణ నివేదికలు టైపు చేసే కుర్చీ దక్కింది.

మెడికల్ బోర్డు చైర్మన్ దండమూడి మిగతా పైలట్లనూ ఆ గాజు ముందు కూర్చోబెట్టమన్నాడు. పదకొండు మంది, అందరి రికార్డూ సిక్స్ బై సిక్స్. అంత మంచి చూపుకి గాజు కదలకూడదు. తొమ్మిది మందికి కదిలింది! ఒకాయనకైతే సుభాషిణికన్నా ఎక్కువ వంగింది.

"వీళ్లు పాసెలా అయ్యారు?" పద్మలత నిర్ఘాంతపోయింది.

ఎలా ఏమిటి, బట్టీ పట్టి! గోడ మీది చార్టు ఏళ్ల తరబడి మారలేదు. చివరి వరుసని సీనియర్లు జూనియర్లకి వల్లె వేయించడం అక్కడ ఆనవాయితీ. మసక కళ్లతోనే ఇన్నాళ్లూ జనాన్ని ఎక్కించుకుని ఎగిరారు మహానుభావులు!

దండమూడి గారు ఫైలు మూశారు. "అద్భుతం. అన్ని విమానాలకీ బిగించండి. ఈ తొమ్మిది మందికీ ఇక బెంగ లేదు."

"మరి సుభాషిణి?"

"ఆ అమ్మాయి రికార్డులో కళ్లజోడు ఉందిగా. కళ్లజోడు లేకుండా మెడికల్ పాసైతేనే కాక్‌పిట్. టెస్టు గదిలో మీ గాజు ఉండదు కదండీ."

"అబద్ధమాడినవాళ్లకి విమానం, నిజం చెప్పినదానికి శిక్షా? సిగ్గనిపించట్లేదూ మీకు?" పద్మలత బల్ల చరిచింది.

"రూల్ నేను రాయలేదమ్మా. సోమవారం మళ్లీ టెస్టుకి రమ్మనండి."

ఆదివారం పొద్దున్నే ల్యాబులో, కాంతిని వంచిన శాస్త్రవేత్త ఒక కాగితం పట్టుకుని కూర్చుంది. ఎదురుగా సుభాషిణి, కోపంతో ఏడుస్తూ. "ఛీ, నావల్ల కాదు మేడమ్."

"నాకూ ఒళ్లు మండుతోంది. ఎగరాలా, వద్దా?"

సుభాషిణి కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "ఎఫ్, జెడ్, పి, ఎల్..."

"తర్వాత?"

"ఓ, సి, టి, డి."

"గబగబా అప్పజెప్పకు," అంది పద్మలత. "కళ్లు చికిలించి, చదువుతున్నట్టు చెప్పు."