అమ్మమ్మకి చెప్పిన చెట్టు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"చుక్కీ, గువ్వ వచ్చిందా?" అని అడిగింది అమ్మమ్మ, తల ఎత్తకుండానే.

"వచ్చింది అమ్మమ్మా," అంది చుక్కి. తనూ తల ఎత్తలేదు. తన చేతిలో ఫోన్ ఉంది. ఫోన్‌లో ఒక ఎర్ర కారు కొండ అంచు మీది నుంచి దూకబోతోంది.

గడ్డం మీద నల్లటి పుట్టుమచ్చ ఉంది కాబట్టి ఆ పిల్లని ఇంట్లో అందరూ చుక్కి అని పిలుస్తారు. అమ్మమ్మ తల ఎత్తకపోవడానికి మాత్రం వేరే కారణం ఉంది. ఆమె కంటికి ఆపరేషన్ అయింది. కంటి లోపలి పొర ఒకటి ఊడిపోతే డాక్టర్లు దాన్ని మళ్ళీ అతికించారు. అది సరిగ్గా అతుక్కోవడానికి లోపల ఒక గాలి బుడగ పెట్టారు. ఆ బుడగ పొరని నొక్కుతూ ఉండాలంటే అమ్మమ్మ రాత్రీ పగలూ బోర్లానే పడుకోవాలట.

అందుకని మంచం తలవైపున, మధ్యలో పెద్ద కంత ఉన్న మెత్త ఒకటి బిగించారు. అమ్మమ్మ మొహం ఆ కంతలో ఉంటుంది. కట్టు లేని రెండో కంటికి కనిపించేది కింద గచ్చు మాత్రమే.

"ఈ గచ్చు మీది మరకలన్నీ నాకు చుట్టాలైపోయాయి," అని నవ్వేది అమ్మమ్మ. "కాకపోతే ఒక్కటీ పలకరించదు."

చుక్కి వాళ్ళమ్మ మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. బడికి సెలవులు కాబట్టి అమ్మమ్మకి తోడుగా ఉండే పని చుక్కిది. నీళ్ళు అందించడం, మందు వేళకి గుర్తుచేయడం. వీటితో పాటు అమ్మమ్మ తనంతట తాను కోరుకున్నది ఇంకొకటి ఉంది. కిటికీ దగ్గర కూర్చుని, బయట బాదం చెట్టు మీద ఏం జరుగుతోందో చూసి చెప్పమంది.

మొదటి రోజు చుక్కి నిజంగానే చూసింది. ఆకులున్నాయని చెప్పింది. కొమ్మలున్నాయని చెప్పింది. ఇంకేం చెప్పాలో తోచలేదు. ఆ మర్నాటికి, చూడకుండా చెప్పినా అమ్మమ్మకి తెలియదని అర్థమైంది. ఎండ పడితే ఫోన్ సరిగా కనిపించదు కాబట్టి కర్టెన్ లాగేసింది. కిటికీకి వీపు ఆనించి కూర్చుంది. ఆట ఆడుతూనే నోటికొచ్చింది చెప్పసాగింది.

రెండు ఉడతలు దాగుడుమూతలు ఆడాయంది. తోక పొడుగు పిట్ట ఒకటి వచ్చి స్నానం చేసిందంది. చిటారు కొమ్మ మీద గువ్వ గూడు కట్టిందని, అందులో నీలం గుడ్లు పెట్టిందని చెప్పింది. అమ్మమ్మ వింటూ మెత్తలోకే నవ్వుకునేది. ఎప్పుడైనా, "ఎలాంటి వేళ్ళే ఆ గువ్వవి, గులాబీ రంగువా?" అని అడిగేది. "ఆ, అవే," అనేది చుక్కి.

అమ్మమ్మ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. చెవులు చాలా చురుకు. ఈ మధ్యాహ్నం ఆమె కాసేపు విని, "గువ్వ గొంతు మరీ దగ్గరగా వినిపిస్తోందే. కిటికీ పక్కనే ఉన్నట్టుంది," అంది.

"లేదమ్మమ్మా, చిటారు కొమ్మ మీదే. చెప్పాను కదా," అంది చుక్కి. ఎర్ర కారు పల్టీ కొట్టింది.

అప్పుడే కింద నిచ్చెన గోడకి ఆనిన చప్పుడైంది. కరెంటు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. కొమ్మలు వైర్లకి తగులుతున్నాయని, కొన్ని కొట్టేయాలని, పై ఇంటివాళ్ళు కిటికీ మూసుకోవాలని కేకేసి చెప్పాడు.

అమ్మమ్మ భుజాలు బిగుసుకున్నాయి. మొహం మెత్తలోనే ఉంచి, ఎక్స్ఛేంజి రోజుల నాటి గొంతుతో బదులిచ్చింది.

"బాబూ, చిటారు కొమ్మ మీద గువ్వ గూడుంది. మా మనవరాలు రోజూ చూస్తోంది. దాని జోలికి వెళ్ళకండి."

ఆయన మంచి మనిషే. పైన అస్సలు ముట్టుకోనని, కిటికీ వైపున్న కొమ్మ ఒక్కటే తీస్తే చాలని అన్నాడు.

చుక్కి ఆట ఆపింది. చిటారు కొమ్మ మీద ఏమీ లేదు. ఉందో లేదో కూడా తనకి తెలియదు. 'ఒక కొమ్మ మిగిలితే మంచిదేగా,' అని సర్దిచెప్పుకుంది.

రంపం మొదలైంది. చుక్కి కిటికీ రెక్క మూయడానికి లేచి కర్టెన్ పక్కకి లాగింది.

అప్పుడు కనిపించింది.

చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, రెండు పెద్ద ఆకుల చాటున, కొమ్మ చీలిన చోట గూడుంది. గూడంటే పెద్దగా ఏమీ కాదు. ఎవరో గుప్పెడు పుల్లలు పారేసినట్టుంది. దాని మీద గువ్వ కూర్చుని ఉంది. రంపం లాగినప్పుడల్లా కొమ్మ వణుకుతోంది, గువ్వ వణుకుతోంది, అయినా లేవడం లేదు. దాని కన్ను గుండ్రంగా, ఎర్రగా, చుక్కినే చూస్తోంది.

కొమ్మ చటుక్కున ఒక జానెడు కుంగింది. గువ్వ రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిపోయింది. అది లేచిన చోట రెండు పిల్లలున్నాయి. ఒళ్ళంతా పసుపు నూగు. కళ్ళు సగమే తెరుచుకున్నాయి.

"ఆపండి! ఇక్కడుంది గూడు, ఇక్కడ!"

రంపం ఆగింది. ఆయన నిచ్చెన మీద ఇంకో రెండు మెట్లెక్కి ఆకులు తప్పించి చూశాడు. "మరి పైన ఉందన్నారు కదమ్మా," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. చుక్కికి మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కొమ్మ సగం దాకా తెగింది. ఆయన తాడు తెచ్చి దాన్ని పై కొమ్మకి గట్టిగా కట్టాడు. వైరుకి తగిలే చివరి రెమ్మలు మాత్రం కత్తిరించాడు. పిల్లల్ని ఎవరూ ముట్టుకోవద్దని, చుట్టుపక్కల నిశ్శబ్దంగా ఉంటే తల్లి తిరిగి రావచ్చని చెప్పాడు. రాకపోతే అని చుక్కి అడిగింది. పిల్లలు చాలా చిన్నవి, రాకపోతే కష్టమేనన్నాడు. నిచ్చెన భుజానికెత్తుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

మంచం మీది నుంచి అమ్మమ్మ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది చుక్కికి.

తను మంచం దగ్గరికి వెళ్ళింది. నేల మీద వెల్లకిలా పడుకుని మంచం తలవైపుకి జరిగింది. కంతలోంచి అమ్మమ్మ మొహం తన మొహానికి ఎదురుగా వచ్చింది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ తను ఆ మొహాన్ని ఇంత దగ్గరగా చూడలేదు. కట్టు లేని కన్ను అలసిపోయి ఉంది. మెత్త ఒరిసి బుగ్గలు కందిపోయాయి.

"అమ్మమ్మా, నేను ఒక్కరోజు కూడా సరిగా చూడలేదు," అంది. "ఉడతలూ లేవు. నీలం గుడ్లూ లేవు. అన్నీ నేనే చెప్పాను."

అమ్మమ్మ కన్ను ఒకసారి మూసుకుని తెరుచుకుంది.

"నీ గొంతు కాస్త తొందరగా పరిగెడుతోందని అనిపించిందే. కానీ నమ్మాలనిపించింది. గచ్చు తప్ప ఇంకేం లేదు కదా నాకు."

"సారీ అమ్మమ్మా."

"నువ్వు చెప్పిన చెట్టూ బాగానే ఉంది. నీలం గుడ్లేమిటో, తోక పొడుగు పిట్టేమిటో," అంది అమ్మమ్మ మెల్లగా. "కాకపోతే బయట ఇంకో చెట్టుంది. దాన్ని ఎవరూ చూడలేదు. వెళ్ళు, వెళ్ళి చూడు."

చుక్కి ఫోన్‌ని అలమరలో పెట్టింది. కర్టెన్ కొద్దిగా మాత్రం తెరిచి, కిటికీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంది.

మొదట ఏమీ జరగలేదు. పిల్లలు రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వాటి పొట్టలు పైకీ కిందికీ కదులుతున్నాయి. మెల్లగా ఆ కదలికకి చుక్కి కళ్ళు అలవాటు పడ్డాయి. ఆ తర్వాత మిగతావీ కనిపించడం మొదలెట్టాయి.

ఆకులన్నీ పచ్చగా లేవు. ఒకటి సగం ఎర్రగా ఉంది, ఎవరో రంగు పూస్తూ మధ్యలో లేచి వెళ్ళినట్టు. తాడు మీదుగా చీమలు అప్పుడే కొత్త దారి వేసుకున్నాయి. గాలి వచ్చే ముందు చెట్టు పై భాగం కదులుతుంది, ఆ కదలిక కొమ్మ కొమ్మకీ దిగుతూ వస్తుంది, చివరికి కిటికీ దగ్గరి ఆకు తల ఊపుతుంది. అప్పుడు గాలి చుక్కి మొహాన్ని తాకుతుంది. చుక్కి ఊపిరి వదిలితే దగ్గరి ఆకు చిన్నగా అదురుతుంది. కాసేపటికి చెట్టు బయట ఉన్నట్టు, తను లోపల ఉన్నట్టు అనిపించడం మానేసింది. తనూ ఏదో కొమ్మ మీదే కూర్చున్నట్టుంది.

"వచ్చిందా?" అని అడిగింది అమ్మమ్మ.

వచ్చింది అంటే చాలు, అమ్మమ్మ నిశ్చింతగా నిద్రపోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"ఇంకా రాలేదమ్మమ్మా."

అమ్మమ్మ వేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి.

"సరే. ఏముందో అదే చెప్పు."

చుక్కి చెప్పింది. సగం ఎర్రబడ్డ ఆకు గురించి, చీమల కొత్త దారి గురించి, గాలి మెట్లు దిగినట్టు దిగిరావడం గురించి. పిల్లల్లో ఒకటి కాస్త పెద్దదని, చిన్నది దాని మెడ కింద తల దూర్చిందని చెప్పింది. తెలియని చోట తెలియదనే చెప్పింది. మధ్యలో ఆగి, మళ్ళీ చూసి చెప్పేది. అమ్మమ్మ తొందరపెట్టలేదు. ఆమె వేళ్ళు మెల్లగా దుప్పటిని వదిలేశాయి.

ఎండ గోడ మీది నుంచి పక్క మేడ మీదికి జరిగింది. పిల్లల మీదికి నీడ వచ్చింది. చిన్నది నోరు తెరిచి మూసింది. దాని గొంతు వినపడలేదు. చుక్కి కళ్ళు నీళ్ళతో మసకబారాయి. తుడుచుకోవడానికి చెయ్యి కూడా కదపలేదు.

వైరు మీద గువ్వ వాలింది.

అది తాడుని చూసింది. మెడ అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్ళీ ఎగిరిపోయింది. కాసేపటికి గోడ మీదికి వచ్చింది. తర్వాత పై కొమ్మ మీదికి. అక్కడి నుంచి తాడు పక్కగా, ఒక్కో అడుగే వేస్తూ, గులాబీ రంగు వేళ్ళతో నడిచి కిందికి వచ్చింది. గూటి అంచున ఆగి చుక్కిని చూసింది. చుక్కి రెప్ప వేయలేదు.

గువ్వ పొట్టని వెడల్పుగా పరిచి పిల్లల మీద కూర్చుంది. కొమ్మ చిన్నగా ఊగి ఆగింది.

వీధి తలుపు తెరుచుకుంది. చేతి సంచీ భుజానే ఉండగా అమ్మ గదిలోకి వచ్చింది. చీకట్లో కూర్చున్నారేమిటంటూ స్విచ్ వైపు చెయ్యి చాపబోయింది. చుక్కి వేలు పెదాల మీద పెట్టుకుని, రమ్మని సైగ చేసింది. అమ్మ చెప్పులు విడిచి, మందుల వాసనతో వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఏమిటని అడగబోయి, చూసి, ఆగిపోయింది. ఇద్దరూ ఒకే సందులోంచి చూశారు.

"ఇప్పుడు ఏం కనిపిస్తోంది?" అని మంచం మీది నుంచి మెల్లగా అడిగింది అమ్మమ్మ.

బయట వెలుతురు దాదాపు పోయింది. ఆకులకీ గువ్వకీ తేడా తెలియడం లేదు. చుక్కి కిటికీకి నుదురు ఆనించింది.

"వచ్చింది అమ్మమ్మా. పిల్లల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుందో లేదో కనిపించడం లేదు," అంది. "ఉండు, ఇంకాసేపు చూసి చెబుతాను."