తుండుగుడ్డ కింద బేరం

"నీ తమ్ముణ్ణి కాల్చిన తుపాకీ జర్మన్లది. పట్టిచ్చిన నోరు మాత్రం మన నెట్‌వర్క్‌లోనే ఉంది," అన్నాడు కెప్టెన్ రాజేంద్రన్.

1944 జులై. ధర్మపురి ట్రావెలర్స్ బంగళా. బయట జీపు, లోపల గడియ వేసిన తలుపు, బల్ల మీద దక్షిణ ఫ్రాన్సు మ్యాపు. ఎదురుగా కూర్చున్నవాడు బ్రిటిష్ గూఢచారి, ఏజెంట్ ఎం-17. ఆ నంబరు లండన్ ఆఫీసు వరకే. సొంతూరు తుంబలహళ్లిలో అతను సాకమ్మ పెద్దకొడుకు ఆంజనప్ప, నూరు గొర్రెలున్న ఇంటివాడు. చిన్నకొడుకు జయరామ కూడా ఏజెంటే, ఫ్రాన్సులో వైర్‌లెస్ ఆపరేటరు. మే నెలలో పట్టుబడ్డాడు. గోడకు నిలబెట్టి కాల్చేశారు.

ఆ వార్త విని సాకమ్మ ఏడవలేదు. "నా బిడ్డను అమ్మినోళ్లు ఈ పొద్దు గూడా అన్నం తింటా ఉండారు రా," అని మాత్రం అంది. ఆ మాట విన్నప్పటినుంచి ఆంజనప్పకు ముద్ద గొంతు దిగడం లేదు. కడుపులో పగ ఉన్నవాడికి రాగిసంగటి ఎక్కడ పడుతుంది?

"వాడెవడో చెప్పండి సార్. మిగతా పని నేను చూసుకుంటాను."

"తొందరపడకు. ముందు బ్రీఫింగ్." రాజేంద్రన్ మ్యాపు మీద వేలు పెట్టాడు. "కాస్తెల్‌రూజ్. ఎనిమిది వందల ఏళ్ల నాటి కోట ఊరు. ఒకదాని లోపల ఒకటి రెండు ప్రాకారాలు, ఇరవై నాలుగు బురుజులు. ఊళ్లోవాళ్లు తిరగబడ్డారని జర్మన్లకు కసి. పారిపోయే ముందు ఒక బురుజు కింద డైనమైట్ పెట్టి పోతున్నారు. ఆగస్టు ఇరవై, సంత రోజు, సరిగ్గా పన్నెండుకు. జనాన్ని హెచ్చరిస్తే ముందే పేల్చేస్తారు."

"ఏ బురుజు?"

"అది మన లేడీ ఏజెంటుకు తెలుసు. కోడ్ నేమ్ మిమోజా. జర్మన్ మేజరుతో తిరుగుతుంది, మనకు పనిచేస్తుంది. నీ తమ్ముణ్ణి పట్టిచ్చిందెవరో కూడా తెలుసట, నీకొక్కడికే చెబుతుందట. పని కాగానే ఆమెను ప్రాణాలతో వెంటబెట్టుకు రావాలి. ఇది ఆర్డర్."

"ఆమెను గుర్తుపట్టేది ఎట్లా సార్?"

రాజేంద్రన్ నవ్వాడు. "తుండుగుడ్డ."

గొడ్ల సంతలో బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ తుండు కింద చేతులు కలుపుతారు. ఏ వేళ్లు పట్టుకుంటే ఆ అంకె. పక్కన నిలబడ్డ పదిమందికీ ఒక్క ముక్క తెలియదు. అన్నదమ్ములిద్దరూ పెన్నాగరం సంతలో నడక నేర్చినప్పుడే ఇదీ నేర్చారు. పట్టుబడే ముందు జయరామ దీన్ని మిమోజాకు నేర్పాడని రిపోర్టు. లండన్‌లో కోడ్ పండితులు మొదట ఎగతాళి చేశారు, తర్వాత ఒక్కడూ విప్పలేక తెల్లమొహం వేశారు.

* * *

ఆగస్టు ఇరవై. ఉదయం పదకొండున్నర.

కాస్తెల్‌రూజ్ ద్వారం దాటుతుంటే ఆంజనప్ప తల వెనక్కు వాలిపోయింది. అంత ఎత్తు గోడలు. రెండు గోడల నడుమ పచ్చగడ్డి, దాని మీద కంచరగాడిదల సంత. తోడేలు భయానికి దొడ్డి చుట్టూ రెండు వరసల కంప వేసినట్టుంది ఊరు. ఇక్కడ తోడేళ్లు లోపలే ఉన్నాయి.

పాస్‌పోర్టులో అతని పేరు వడివేలు. ఫ్రెంచి పటాలంతో వచ్చి ఇక్కడ చిక్కుకుపోయిన పుదుచ్చేరి గాడిదల వ్యాపారి. భుజాన తుండు, చేతిలో కర్ర. ఆ కర్ర ఒక కొసలో ఒక్క తూటా పట్టే పిస్తోలు, రెండో కొసలో తీగలు కత్తిరించే కటర్ ఉన్నాయి.

మిమోజా రానే వచ్చింది. ఎర్ర టోపీ, ఎర్ర పెదాలు, చేతిలో మాసిన కంచరగాడిద పగ్గం. సంత మొత్తం ఆమె వైపు తిరిగింది, గాడిదలు తప్ప.

"దీని వయసెంతో చెప్పగలవా?" అంది ఫ్రెంచిలో.

"పళ్లు చూడందే చెప్పను, మదాం."

పాస్‌వర్డ్ సరిపోయింది. తుండు పరిచాడు. కింద చేతులు కలిశాయి. ఆమె మెత్తటి వేళ్లు ముందు అతని అయిదు వేళ్లనూ పట్టాయి, తర్వాత రెండిటిని. ఏడు. ఊరికి ఆ చివర ఉన్న ఏడో బురుజు. చివరగా ఆమె బొటనవేలి గోరు అతని అరచేతిని అడ్డంగా గీసింది.



ఆ గీత ఏ సంత బేరంలోనూ లేదు. అది అన్నదమ్ములిద్దరి మధ్య గుర్తు. ఒకడు బేరమాడుతుంటే రెండోవాడు పశువు చుట్టూ తిరిగి ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసేవాడు. చెడ్డ సుడి కనిపిస్తే వచ్చి మొదటివాడి అరచేతిలో గోరుతో గీసేవాడు. దీన్ని నమ్మొద్దు, ఇంటికి అరిష్టం, వదిలెయ్ అని అర్థం.

"ఈ గీత ఎందుకు?" అన్నాడు మామూలుగా.

"మీ తమ్ముడే చెప్పాడు. ఇది గీస్తేనే అన్న నన్ను తనవాళ్లలో లెక్కవేస్తాడని."

తమ్ముడు చచ్చేముందు శత్రువు చేతిలోనే ఉత్తరం పెట్టి పంపాడు. ఆంజనప్పకు దుఃఖం పొంగింది, దాన్ని తోసుకుని పగ పొంగింది. ఆమె చేతిని వదల్లేదు. తుండు అలాగే ఉంచి కర్ర కొసను ఆమె పక్కటెముకలకు ఆనించాడు.

"అరిచినావంటే కాలుస్తాను. నడువు."

"ఎక్కడికి? ఏడో బురుజు అటు!"

"అక్కడ నీ మేజరు నాకోసం కాచుకోనుంటాడు. మనం ఈ గాడిద చూపిచ్చే దోవలో పోదాం." ఆమె చేత పగ్గం వదిలించాడు.

దాని వీపు మీద జీను ఒరుసుకుని పచ్చిపుండ్లున్నాయి. రోజుల తరబడి జర్మన్ల డైనమైట్ మోసిన గొడ్డే అయ్యుండాలి. మనిషి అబద్ధమాడతాడు గానీ, అలవాటుపడ్డ గొడ్డుకు తెలిసింది ఒక్క దారే. అది చెవులూపుకుంటూ సంత మధ్యలోంచి నడిచి, ద్వారం పక్క బురుజు ముందు ఆగింది. వెనకే తుండు కింద చేతులతో ఆ ఇద్దరూ వచ్చారు. బేరం ఇంకా తెగలేదు కాబోలని జనం నవ్వుకున్నారు.

కాపలావాడు లేడు. చావు పక్కన ఎవడు కావలి కాస్తాడు, జర్మనైతే మాత్రం ప్రాణం తీపి కాదా?

లోపల గడ్డిమోపుల వెనక ఇరవై పెట్టెలు. వాటికి గడియారం, మూడు తీగలు. పన్నెండుకు మూడు నిమిషాలు.

ఆంజనప్ప కటర్ తీశాడు. తీగలు చూశాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకునే నింపాదిగా నేల మీద చతికిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు? పిచ్చా నీకు?"

"ఏ తీగ తెంచాలో నాకు తెలీదు. నీకు తెలుసు. నాకేం తొందర లేదు. వాణ్ణి పట్టిచ్చింది నువ్వే. నా తమ్ముడు ఏమన్నాడో చెప్పు."

"మూడు రోజులు నోరు విప్పలేదు! నాలుగో రోజు ఆ తుండు విద్య చెప్పాడు. తర్వాత నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు తెలియదు! వదులు నన్ను!"

"నాకు తెలుసు."

ఒక్క నిమిషం మిగిలింది. తర్వాత పది క్షణాలు. ఆమె పెదాల రంగు తప్ప మొహం మొత్తం పాలిపోయింది.

"పసుపు! పసుపు తీగ! తెంచు!"

తెంచాడు. ముల్లు పన్నెండుకు వెంట్రుకవాసి ఇవతల ఆగిపోయింది. బయట చర్చి గంటలు మోగాయి. సంతలో ఎవడో ఇంకా గాడిద పళ్లు చూస్తూనే ఉన్నాడు.

కర్రలో తూటా ఉంది. ఎదురుగా తమ్ముణ్ణి అమ్మిన మనిషి ఉంది.   ఆంజనప్ప తుండు లాగి భుజాన వేసుకున్నాడు.

"పో. నీ మేజరు దగ్గరికే పో."

ఆమెకు నమ్మకం కుదరలేదు. అయినా ప్రాణమంటూ మిగిలాక ఎవరాగుతారు? గోడ వెంబడి పరుగెత్తింది. ఆంజనప్ప బురుజు మెట్లెక్కి చూశాడు. దూరాన ఏడో బురుజు కింద ఎర్ర టోపీ ఆగింది. మేజరు చేతి గడియారం చూసుకున్నాడు, పేలకుండా నిలబడ్డ బురుజును చూశాడు, ఆమెను చూశాడు. రెండు దేశాలకు అమ్ముడుపోయినదాన్ని ఏ దేశం నమ్ముతుంది? ఒక్కటే తుపాకీ చప్పుడు, ఎర్ర టోపీ నేలకూలింది. వెంటనే లారీలు కదిలిపోయాయి.

ఆంజనప్పకు జాలి కలగలేదు. ఆ పూట ఎవరో ఇచ్చిన రొట్టె ముక్క గొంతులో సాఫీగా దిగింది.

* * *

ధర్మపురి బంగళాలో రాజేంద్రన్ బల్ల గుద్దాడు. "ప్రాణాలతో తెమ్మని ఆర్డర్!"

"ప్రాణాలతోనే వదిలినాను సార్."

తుంబలహళ్లిలో సాకమ్మ అంత పొడుగు రిపోర్టు అడగలేదు. దొడ్డి తడిక దగ్గర నిలబడి ఒక్క మాటే అడిగింది.

"నీ చేత్తోనేనా?"

"లేదమ్మా. పట్టుకున్న చెయ్యి వదిలినాను, అంతే."

ఆమె కొడుకు చేతిని చూసింది. తడిక లాగింది.

"సరే. పొద్దెక్కింది, గొర్రెల్ని తోలుకోని పో."