నడవని అడుగులు

మధ్యాహ్నం డిటెక్టివమ్మ ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. తెల్ల యూనిఫారం, చేతికి నల్లటి పట్టీ. కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"లోపలికి రండి. మా తోడికోడలు మంచినీళ్ళిస్తుంది. తాగాక చెబుదురు గాని."

ఆ ఆఫీసుకి గుమాస్తా, సహాయకురాలు అన్నీ ఆ తోడికోడలే. ఇద్దరూ కలిసి ఈ పని పెట్టినప్పుడు జనం నవ్వారు. తోడికోడళ్ళు రోజంతా ఒకే గదిలో ఉంటే కేసులు బయటినుంచి రానక్కర్లేదన్నారు. పెద్దావిడ బుర్ర ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూస్తున్న చిన్నావిడకి మాత్రం ఆ ఆశ్చర్యం ఇన్నేళ్ళయినా పాతబడలేదు.

వచ్చినావిడ నర్సు. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనని ఇంట్లోనే ఉండి చూసుకుంటోంది.

"నిన్న సాయంత్రం ఆయన్ని చక్రాల కుర్చీలో పార్కుకి తీసుకెళ్ళానమ్మా. తిరిగొచ్చేసరికి ఆయన గదిలో బీరువా తీసుంది. పోయిన పెద్దమ్మగారి ముత్యాల గొలుసు లేదు. నేను తీశానంటున్నారు."

"మీరు పార్కులో ఉన్నారు కదా?"

నర్సు చెయ్యి చాపింది. "ఇదే నా కొంప ముంచింది. ఎన్ని అడుగులు నడిచామో లెక్కపెట్టే పట్టీ. కోడలుగారు ఇంట్లో తలా ఒకటి కొన్నారు, నాక్కూడా. రాత్రి భోజనాల దగ్గర ఫోన్లు తీసి ఎవరెంత నడిచారో పైకి చదువుతారు. గొలుసు పోయిందని నిన్న ఏ గంటలో ఎన్ని అడుగులో విడదీసి చూశారు. నేను పార్కులో ఉన్నప్పుడు అడుగులే లేవు. అసలు వెళ్ళనేలేదు, ఇంట్లోనే ఉండి తీశావు అన్నారు."

"పెద్దాయన ఏమంటారు?"

"మాట పోయిందమ్మా. ఏమడిగినా తలూపుతారు. పార్కుకి వెళ్ళారా అంటే ఊపారు. ఇంట్లోనే ఉన్నారా అంటే దానికీ ఊపారు."

"పార్కులో ఎవరూ చూడలేదా?"

"మబ్బు పట్టిందని నరపురుగు కూడా రాలేదు. కోడలుగారు గేటు దగ్గర నిలబడి వీధంతా వినేలా దొంగ అన్నారు. రేపటికి గొలుసు ఇవ్వకపోతే పోలీసులట. ఈ మచ్చ పడితే ఇంక నన్ను ఏ గడపా తొక్కనివ్వరు."

డిటెక్టివమ్మ ఆమె ఫోను తీసుకుని పాత రోజుల లెక్కలు వెనక్కి జరుపుతూ పోయింది. "రోజూ పార్కుకి వెళ్తారా?" అంది.

"వాన పడితే తప్ప."

"పద చెల్లీ" అని చెప్పులేసుకుంది డిటెక్టివమ్మ.

ఆ ఇంటి హాల్లో నిలువెత్తు గోడ గడియారం, దాని అద్దం వెనక ఇత్తడి పెండ్యులం. కోడలికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. దొంగతనం జరిగినప్పుడు దుకాణంలోనే ఉన్నానంది, ఆ వేళ ఇంట్లో తనవాళ్ళెవరూ లేరంది. నర్సుని చూడగానే ఆమె మొహం గంటు పెట్టుకుంది.

డిటెక్టివమ్మ తన చేతి వాచీ చూసుకుంది. "మీ గడియారం కాస్త వెనకుంది."

"నిన్నటినుంచే. మామయ్య ఆరోగ్యంగా ఉన్నప్పుడు రోజూ కీ ఇచ్చేవారు, ఇప్పుడు నేనిస్తున్నా. ఎప్పుడూ తప్పలేదు. నిన్న రాత్రి దీన్ని చూసి నీళ్ళ మోటారు కట్టేస్తే ట్యాంకు పొంగిపోయింది. వచ్చిన పని చూడండి."

"బీరువా తాళం ఎక్కడుంటుంది?"

"మామయ్య దిండు కింద. ఇంట్లో అందరికీ తెలుసు."

"గొలుసు ఎవరికి రావాలి?"

కోడలు కాస్త తటపటాయించింది. "జబ్బు చెయ్యకముందే మామయ్య నాకిస్తానన్నారు. మా ఆడపడుచుకి అది కష్టంగానే ఉంది."

ఇంతలో పై వాటాలోంచి ఆ ఆడపడుచు భర్త దిగివచ్చాడు. మెరిసే వాకింగ్ బూట్లు, చేతికి పట్టీ.

"డిటెక్టివ్ దాకా వెళ్ళిందా కథ? నన్నూ అడగండి. అల్లుణ్ణి కదా, మర్యాద చేస్తున్నారనుకుంటాను."

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"నడకలో. షుగరుందని డాక్టరు చెప్పాక ఒక్క సాయంత్రం మానలేదు. వీళ్ళకంటే ముందే బయల్దేరాను. పెద్ద రోడ్డు దాటి, మార్కెట్టు చుట్టి వచ్చాను. లారీ అడ్డంపడి సిగ్నల్ దగ్గర చాలాసేపు నిలబెట్టేశారు. నడకంతా పట్టీ చేతికే ఉంది, నమ్మకపోతే ఫోను చూసుకోండి. మనుషులు అబద్ధమాడతారేమో గానీ పట్టీ ఆడదు."

డిటెక్టివమ్మ చూసి, ఫోను తోడికోడలికి అందించింది. తెర మీద నిమిషానికో గీత, అన్నీ ఒకే ఎత్తు, దువ్వెన పళ్ళలా. చిన్నావిడకి అందులో తప్పేమీ కనబడలేదు.

"పెద్దాయన్ని కూడా హాల్లోకి తీసుకురండి" అంది డిటెక్టివమ్మ.

అందరూ చేరాక కోడలివైపు తిరిగింది. "మీ పట్టీ చేతికుంది కదా. లెక్క చూసుకుని, మామగారి కుర్చీని మీరే వీధి చివరిదాకా తోసుకెళ్ళి రండి. రెండు చేతులూ పిడి మీదే ఉండాలి."

కోడలు విసుక్కుంటూనే వెళ్ళింది. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి ఫోను చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"ఇదేంటి? పెరగలేదే!"

"చెయ్యి ఊగితేనే ఆ పట్టీ దాన్ని అడుగనుకుంటుంది. కుర్చీ తోసే చెయ్యి ఊగదు. నర్సుగారి లెక్కలో నిన్నొక్కరోజే కాదు, రోజూ ఆ గంట ఖాళీయే. మీరు రాత్రిళ్ళు రోజంతటి లెక్కే చదివారు గానీ, నిన్నటిదాకా గంటలు విడదీసి చూడలేదు."

కోడలు గోడకి ఆనుకుంది.

"మరి అల్లుడుగారు సిగ్నల్ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నిలబడ్డ మనిషికి అడుగులెలా పడ్డాయి? మనిషి నడక ఇంత సమంగా ఉండదు. గుంట వస్తుంది, ఎదురుగా ఎవరో వస్తారు, ఆయాసం వస్తుంది. ఏదీ ఎరగకుండా ఊగేది ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. ఒకసారి పట్టీ ఇవ్వండి."

అల్లుడు కదల్లేదు. ఆమె చెయ్యి చాపి అలాగే నిలబడింది. చివరికి విప్పి ఇచ్చాడు.

డిటెక్టివమ్మ గడియారం తలుపు తీసి, పెండ్యులాన్ని ఆపి, దానికి పట్టీ చుట్టి మెల్లగా వదిలింది. తోడికోడలి చేతిలోని ఫోనులో అంకె పెరగడం మొదలైంది. హాల్లో గడియారం చప్పుడు తప్ప మరేమీ లేదు. ఎవరూ నడవడం లేదు, అడుగులు మాత్రం పడుతూనే ఉన్నాయి. పెద్దాయన కూడా తలూపడం మానేసి అటే చూస్తున్నాడు.

"కట్టడానికి కాసేపు, విప్పడానికి కాసేపు పెండ్యులాన్ని ఆపాలి. అందుకే గడియారం వెనకబడింది, ట్యాంకు పొంగింది."

"ఎవరో నా పట్టీ కొట్టేసి కట్టుంటారు" అన్నాడు అల్లుడు.

"నిన్న నడకంతా పట్టీ చేతికే ఉందని మీరే చెప్పారు కదండీ."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "వాళ్ళమ్మ గొలుసు. కూతురుండగా కోడలికెందుకు వెళ్ళాలి?" అని గొణిగాడు. కాసేపటికి పైకి వెళ్ళి, బూట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల కాగితంలో చుట్టి ముత్యాలున్నాయి.

కోడలు నర్సు దగ్గరికి వచ్చింది. "తప్పయిపోయింది. మనసులో పెట్టుకోకు."

"మనసులో సంగతి సరేనమ్మా. మీరు నన్నన్నది హాల్లో కాదు కదా" అంది నర్సు నెమ్మదిగా.

"చెల్లెమ్మా, ఇంటి పరువు" అన్నాడు అల్లుడు.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు గేటు దాకా వెళ్ళింది. ఎదురింట్లో ఒకాయన మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. పక్కింటి ఆడవాళ్ళు అరుగు మీద ఉన్నారు.

"నిన్న నేను దొంగ అన్న మనిషి ఏమీ తియ్యలేదు" అంది గట్టిగా. "తీసింది మా ఇంట్లోవాళ్ళే. నేనే తప్పుగా నింద వేశాను."

ఎదురింటాయన నీళ్ళ పైపు కిందికి దించాడు.

వెనక కుర్చీ చక్రాలు కిర్రుమన్నాయి. నర్సు పెద్దాయన భుజాల మీద దుప్పటి సర్ది, కుర్చీని గేటు వైపు తోసుకొస్తోంది.

"ఇంకా వెలుతురుంది, పార్కుకి తీసుకెళ్ళొస్తానమ్మా."

కోడలు కళ్ళు తుడుచుకుని, కుర్చీ తగలకుండా గేటు రెండో తలుపు కూడా తీసి పట్టుకుంది.