నాలుగో పక్క

“తెర తిరగట్లేదు,” అంది కేయా, ల్యాప్‌టాప్‌ని కౌంటర్ మీద పెడుతూ. “నిన్న సాయంత్రం మీరు బాగుచేసి ఇచ్చారు. ఇంటికెళ్లి చూస్తే ఇదీ సంగతి.”

కౌంటర్‌కి అవతల పలాశ్ కర్మకార్ కొత్త చొక్కా వేసుకుని, నుదుట ఎర్రబొట్టుతో, చేతిలో ఖిచుడీ దొన్నెతో నిలబడి ఉన్నాడు. అతని వెనకాల గోడవార ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ బొమ్మ. దాని ముందు కడిగి తుడిచిన స్క్రూడ్రైవర్లు, టంకం పెట్టే కడ్డీలు, పట్టకార్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కదానికీ సిందూరం చుక్క, బంతిరేకు.

“ముందు ప్రసాదం తీసుకోండి దీదీమణీ,” అన్నాడు.

బళ్లో పిల్లలు పిలిచే పిలుపు అది. తను టీచరని ఇతనికెలా తెలుసు? రసీదు మీద పేరు, ఫోన్ నంబరు తప్ప ఏమీ రాయలేదే. కేయా దొన్నె అందుకోలేదు.

“ముందు దీన్ని విప్పి చూడండి.”

“ఇవాళ విప్పకూడదు. పూజ. పనిముట్లు ముట్టుకోం.”

“అది తెలిసే నిన్న ఇచ్చారన్నమాట. ఇవాళ అడిగినా విప్పక్కర్లేకుండా.”

పలాశ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

కేయాకి అనుమానాలు ఊరికే పుట్టలేదు. ల్యాప్‌టాప్ ఈ షాపులో పది రోజులుంది. ఆ పది రోజుల్లో ఇతను మూడుసార్లు ఫోన్ చేశాడు. మూత మీద గీత ముందే ఉందా అని ఒకసారి. ఛార్జర్ నల్లదా తెల్లదా అని ఒకసారి. మీకేమైనా తొందరా అని ఇంకోసారి. మూత మడిచే హింజ్ మార్చడానికి ఛార్జర్ రంగుతో ఏం పని? ఆ మూడు తేదీలూ ఆమె స్కూలు డైరీలో రాసిపెట్టుకుంది.

“తెర ఒక్కటే కాదు,” అంది గొంతు తగ్గించి. “లోపల ఒక బొమ్మ ఉంది. అందులో ఒక పక్క పోయింది. ఉన్న అక్షరాలు కొన్ని అడ్డంగా, కొన్ని తలకిందులుగా ఉన్నాయి. మీరు ఏం మార్చారో, ఏది తీసి ఏది పెట్టారో నాకు తెలియాలి.”

“ఏ బొమ్మ?”

“అల్పనా. మా అమ్మ వేసింది.”

అంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఏటా దుర్గాపూజ సెలవులిచ్చే ముందు బడి వాకిట్లో అల్పనా, ఆ తడిపిండి ముగ్గు, వేసేది అమ్మే. నానిన బియ్యం రుబ్బి, గుడ్డపీలిక ముంచి, ఉంగరపు వేలితో వేసేది. ఈ వేసవిలో మంచం దిగలేకపోయింది. కేయా తన ల్యాప్‌టాప్ మడిచి పలకలా చేసి, పెన్ను చేతికిచ్చింది. అమ్మ రెండు నెలలు దాని మీద వేసింది. “నా పని అయిపోయింది,” అని చెప్పిన రెండో రోజే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ హడావిడిలో ల్యాప్‌టాప్ మంచం మీంచి జారి పడింది. హింజ్ విరిగింది. అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

నిన్న రాత్రి మొదటిసారి ఆ బొమ్మ తెరిచి చూసుకుంటే మూడు పక్కలే ఉన్నాయి. ఎల్లుండి శుక్రవారం, పిల్లలతో కలిసి దాన్నే వాకిట్లో వెయ్యాలి.

పలాశ్ దొన్నె పక్కన పెట్టి చేతులు కడుక్కొచ్చాడు.

“తప్పు నాదే కావచ్చు,” అన్నాడు. “హింజ్ చూశాను, టచ్ చూశాను, పెన్ను చూశాను. తిప్పి మాత్రం చూడలేదు. మూతలో ఒక సెన్సర్ ఉంటుంది. తెర నిలువుగా ఉందో అడ్డంగా ఉందో అదే చెప్తుంది. దాని కేబుల్ వెంట్రుకంత ఉంటుంది. మళ్లీ బిగించేటప్పుడు ఊడిందేమో.”

తప్పు ఒప్పుకునేవాళ్లను కేయా ఇంకా ఎక్కువ అనుమానిస్తుంది. బళ్లో పదకొండేళ్ల అనుభవం.

“అయితే విప్పండి.”

“బాబా!” అని కేకేశాడు పలాశ్. లోపల్నించి వాళ్ల నాన్న గోవిందబాబు వచ్చాడు. ముఖమంతా సిందూరమే. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

“స్క్రూడ్రైవర్ కదపడానికి వీల్లేదమ్మా. ఏడాదంతా మనకోసం అరిగే సామాను, ఒక్కరోజు పడుకోనీ. కానీ ఇది నీ వస్తువు, మా పనిముట్టు కాదు. విప్పకుండా ఏం చూడగలడో చూడనీ.”

“విప్పకుండా ఏం తెలుస్తుంది?” అంది కేయా.

“రోజూ విప్పి చూసేవాడికి ఏం తెలీదు,” అన్నాడు ముసలాయన. “ఇవాళైనా బుర్ర పెట్టనీ.”

బయట మేడల మీంచి “భో కట్టా!” అని అరుపులు. ఎవరి గాలిపటమో తెగింది. తుంపర పడుతున్నా ఎవరూ దిగడం లేదు.

పలాశ్ సెట్టింగ్స్ తెరిచాడు. కేయా పక్కకి జరిగి, అతని వేళ్లు కనబడేలా నిలబడింది.

“ఇదిగో, సెన్సర్ జాబితాలో ఉంది. అంటే కేబుల్ ఊడలేదు. పని చేస్తోంది.”

“మరి?”

“తెర తిరక్కుండా లాక్ అని ఒకటుంటుంది. చూడండి, అది బూడిదరంగులో ఉంది. నొక్కితే పలకట్లేదు.”

“అదే మీరు పాడుచేసింది.”

“ఉండండి. కీబోర్డుతో ఉన్నంతసేపూ అది పలకదు. పూర్తిగా మడిస్తేనే.” మూతని వెనక్కి, ఇంకా వెనక్కి, పలకలా అయ్యేదాకా మడిచాడు. కొత్త హింజ్ కిర్రుమంది. బూడిదరంగు పోయి ఆ గుర్తు నీలంగా వెలిగింది. “లాక్ వేసే ఉంది. ఎవరో కావాలని వేశారు.”

“ఎవరో కాదు. మీరు. ఇప్పుడే.”

“మీ కళ్లముందే కదండీ! రెప్ప కూడా వెయ్యకుండా చూస్తున్నారు. నాకే సిగ్గేస్తోంది.”

కేయా చూపు తిప్పుకుంది. పలాశ్ లాక్ తీశాడు. తెర తిరిగింది. ఎటు తిప్పితే అటు, బుద్ధిగా. కేయా బొమ్మ తెరిచింది. కింది అంచున వరి వెన్నులు. కుడి పక్క చేపలు. ఎడమ పక్క శంఖాలు. పై అంచు ఖాళీ. అక్కడ వణికిన గీతల్లా ఏవో చిన్న అక్షరాలు, తలకిందులుగా. ల్యాప్‌టాప్‌ని తలకిందులు చేసింది. బొమ్మ కూడా వెంటనే తిరిగిపోయింది. అక్షరాలు మళ్లీ తలకిందులే. ఇంకోసారి తిప్పింది. మళ్లీ అంతే.

“చూశారా? ఎటు తిప్పినా ఇంతే. చెడగొట్టారు.”

 పలాశ్ మెల్లగా అడిగాడు.

“మీ అమ్మగారు నేల మీద అల్పనా ఎలా వేసేవారు?”

“ఎలా ఏమిటి, అందరిలాగే. చుట్టూ తిరుగుతూ. ఒక పక్క అయ్యాక ఇంకో పక్కకి...”

కేయా చూపు తెర మీది ఖాళీ అంచుకి వెళ్లింది.

మంచం మీద ఉన్న మనిషి చుట్టూ తిరగలేదు. ముగ్గునే తన వైపు తిప్పుకోవాలి. తిప్పిన ప్రతిసారీ బొమ్మ తిరిగి మొదటి పక్కే చూపిస్తుంటే, మిగతా పక్కలు ఎలా వేస్తుంది?

“లాక్ వేసింది అమ్మే. మళ్లీ వెయ్యండి,” అంది.

వేశాడు. కేయా ల్యాప్‌టాప్‌ని కౌంటర్ మీద నేలలా పరిచి, నెమ్మదిగా తిప్పింది. చేపలు తన ముందుకొచ్చాయి. వాటి కింద అమ్మ చేతిరాత నిటారుగా నిలబడింది: ‘చేపకి కళ్లు మరిచిపోకు.’ ఇంకో తిప్పు. ఖాళీ అంచు తన ముందుకొచ్చింది. అక్షరాలు వణికినా చదవడానికి వచ్చాయి.

‘ఈ పక్క కేయాది.’

 పలాశ్ అటు తిరిగి, పడుకున్న స్క్రూడ్రైవర్ల మీద బంతిరేకులు సర్దాడు. సర్దడానికి అక్కడేమీ లేదు.

కేయా కొంగుతో తెర తుడిచింది. దొన్నె తనే తీసుకుని ఖిచుడీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

“అనుమానించాను,” అంది. క్షమాపణ చెప్పడం ఆమెకి అంతకంటే బాగా రాదు.

“బాగయిందా అమ్మా?” అంటూ గోవిందబాబు మళ్లీ వచ్చాడు. “రెండో రోజుకే అయిపోయిన పని. ఇంకా ఇవ్వలేదేమిట్రా, ఇవ్వలేదేమిట్రా అని వారం రోజులు అరిచాను. వింటేనా?”

కేయా ముద్ద మింగి, మెల్లగా పలాశ్ వైపు తిరిగింది.

“రెండో రోజుకా?”

పలాశ్ చెవులు అతని బొట్టు రంగులోకి మారాయి.

“మూడు ఫోన్లు చేశారు. ఛార్జర్ రంగు అడిగారు. నేను టీచరని ఎలా తెలుసు?”

“ఫోన్ ఎత్తినప్పుడల్లా వెనకాల ఎక్కాలు వినిపించేవి,” అన్నాడు పలాశ్. “ఒకసారి నన్ను కూడా ‘అల్లరి చెయ్యకు’ అన్నారు.”

“నేను అడిగింది అది కాదు. ఎనిమిది రోజులు ఎందుకు ఉంచారు?”

ముసలాయన కొడుకుని చూశాడు, అమ్మాయిని చూశాడు, దేవుడి దగ్గర ఏదో పనున్నట్టు వెళ్లిపోయాడు.

“మొదటి రోజు దీన్ని ఇక్కడ పెట్టి, మూత మీద చెయ్యి వేసి ‘భద్రంగా ఉండు’ అన్నారు,” అన్నాడు పలాశ్. “నాతో కాదు, దీంతో. ఇచ్చేస్తే మళ్లీ రారుగా. తప్పే. ఇవాళ మీరు తిట్టడానికి వచ్చినా... వచ్చారు కదా అనిపించింది.”

కేయా ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

“శుక్రవారం ఏడింటికల్లా బడి దగ్గరుండాలి. నేను వేస్తుంటే దీన్ని తిప్పడానికి ఒక మనిషి కావాలి. లాక్ ముట్టుకోకూడదు.”

శుక్రవారం అతను ఆరున్నరకే వచ్చాడు. ‘ఎందుకింత ముందు?’ అన్నట్టు కేయా చూసింది కానీ అడగలేదు.

పిల్లలు మూడు పక్కలా కూర్చుని వరి వెన్నులు, చేపలు, శంఖాలు వేశారు. చేపలకి కళ్లు పెట్టడం కేయా మరిచిపోలేదు. నాలుగో పక్క ఒక్కతే కూర్చుంది. పిండినీళ్లలో వేలు ముంచి చాలాసేపు నేల వంక చూసింది. తరవాత ఒక గాలిపటం వేసింది. దాని తోక నుంచి సన్నటి దారం లాగి, అల్పనా అంచు దాకా తెచ్చి అక్కడ ఆపేసింది.

పలాశ్ గొంతుక్కూర్చుని, ల్యాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని ఆ దారాన్నే చూస్తున్నాడు.

“దీని రెండో కొస ఎవరి చేతిలో ఉంది దీదీమణీ?”

కేయా తలెత్తింది. అదే చూపు, కౌంటర్ ముందు చూసిన చూపు. కాకపోతే ఈసారి పెదాలు మాట వినడం లేదు.

“అది ఫోన్లో అడగాల్సిన ప్రశ్న,” అంది. “పది రోజులు ఆగక్కర్లేదు.”